మొదటి బిందె

మార్చి 2, ఆదివారం

గుర్రం మీద అసూయపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఉండదు. కాబట్టి నాది అసూయ కాదు. ఈ మాట మొదటే రాసి పెట్టుకుంటే మంచిది.

ఈ డైరీ యశశ్వినికి బెంగళూరు ఆఫీసులో ఇచ్చారట, తెచ్చి నాకు పెట్టింది. కన్నకూతురే అయినా దానికి అరవం వచ్చినంత బాగా తెలుగు చదవడం రాదు. మా ఆయనకు కళ్ళజోడు లేకపోతే అక్షరం కనబడదు, ఆ కళ్ళజోడు ఎక్కడుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. దీనికి తాళం అక్కర్లేదు.

ఆదివారమని ఆయన సత్రం బజారులో మా అంగడి తెరవలేదు. పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా గుర్రం తోక కడిగారు. షాంపూ పెట్టి, చిక్కు తీసి. నా జుట్టు ఊడిపోతోందని దీపావళి నుంచి చెప్తున్నాను, "అట్లనా" అంటారు. దాని తోకలో ఊడిన వెంట్రుకలను మాత్రం వేలికి చుట్టుకొని చూసి దిగులుపడ్డారు.

మార్చి 5

కేరట్లు తెచ్చారు. సాంబారుకు రెండు తీసుకుంటే, "రేపు దానికి తక్కువ పడతాయే" అన్నారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇది గుడ్డిది కూడా కాదు.

మార్చి 11

తోటలో బోరు మోటారు పాడైంది. మెకానిక్ వచ్చి బాగుచేశాక, నీళ్ళు రాగానే ఆయన మొదటి బకెట్ పట్టుకొని లాయం వైపు పరుగెత్తారు. ఆ మోకాళ్ళతో ఎంత పరుగెత్తగలరో అంత. చూస్తుంటే రెండున్నరేళ్ళ కిందటి మంట మళ్ళీ లేచింది.

ఆ ఏడు ఆడి నెలలో అంతియూరు గుర్రాల సంతకు పోయి, ఇంకా పాలపళ్ళు పోని ఈ పిల్లను వ్యానులో ఎక్కించుకొని వచ్చారు. తెల్లగా ఉంటుంది. చుట్టాల పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకును ఊరేగించడానికి పనికొస్తుంది అన్నారు. వచ్చిన నెలకే పాత బావి నీళ్ళు మూతి ముడుచుకొని తాగుతోందని దానికోసం బోరు వేయించారు. మా ఇళ్ళలో కొత్త నీళ్ళు పడితే ఇంటి ఇల్లాలు పసుపు కుంకుమ వేసి, హారతి ఇచ్చి, మొదటి బిందె పట్టుకోవాలి. ఆ నీళ్ళతో పొంగలి వండి ఇంటి దేవరకు పెట్టాలి. మా అత్త అట్లాగే పట్టింది, ఆమె అత్త అట్లాగే పట్టింది. నేను పట్టుచీర కట్టుకొని, ఇత్తడి బిందె చింతపండుతో తళతళ తోమి, చంకన పెట్టుకొని నిలబడ్డాను. బురద పోయి తేట నీళ్ళు రాగానే ఆయన నన్ను దాటిపోయి గొట్టం కింద బకెట్ పెట్టారు.

"ఉండు, పాపం అది పొద్దుట్నించి ఏమీ తాగలే."

బోరు లారీ వాళ్ళు నవ్వారు. నేను ఖాళీ బిందెతో లోపలికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఆ నీళ్ళు నా నోట్లో పోసుకోలేదు. గుర్రం ఎంగిలి నాకెందుకు? స్నానానికి, అంట్లకు సరే. తాగడానికి, వంటకు పాత బావిలోనే చేదుకుంటాను. ఆయన మాత్రం బోరు నీళ్ళే తాగుతారు. చెంబు ఎత్తినప్పుడల్లా "అమృతం" అంటారు. తాగనీ.

మార్చి 19

అది కుంటుతోంది. పొద్దున లాయంలో నుంచి బయటికి రావడానికి అడుగడుక్కీ ఆలోచిస్తోంది. ఆయనకూ మడమలు, మోకాళ్ళు పట్టేశాయని కొన్నాళ్ళుగా మూలుగుడు ఉంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి కుంటుతున్నారు. తోట చివర దాకా పోయి వస్తారు, ఒకరి అడుగు చూసి ఒకరు వేస్తూ. పెళ్ళిలో నాతో ఏడడుగులు వేసినప్పుడు కూడా ఇంత కుదురుగా వేయలేదు.

గిన్నెలో నువ్వుల నూనె కాచి ముందు దాని కాళ్ళకు రాస్తారు, మిగిలింది తన కాళ్ళకు. నేను రాస్తానంటే "అయిపాయలే" అన్నారు. నాకు ఏ నొప్పీ లేదు. యాభైకి దగ్గర పడుతున్నా, బావిలో తోడి తోడి చేతులు గట్టిపడ్డాయి. ఎక్కడో ఒక నొప్పన్నా ఉంటే నేనూ ఆ గిన్నె దగ్గర కూర్చునేదాన్ని.

మార్చి 20

అసూయ కాదు.

మార్చి 30, ఉగాది

పచ్చడికి తెచ్చిన బెల్లంలో మొదటి ముక్క ఎవరి నోట్లోకి పోయిందో రాయను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆయన గుండుతో ఇంటికి వచ్చారు. తిరుత్తణి కొండకు పోయి, దాని కాళ్ళు బాగుపడాలని తలనీలాలు ఇచ్చారట. ఆ మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కారట.

"బస్సు కొండమీద దాకా పోతాది గదా" అన్నాను.

"మొక్కు అంటే మెట్లే" అన్నారు.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు టెంకాయ కొట్టారు. అది కూడా మా వీధి చివరి పిళ్ళయార్ వినాయకుడికి.

గుండు మీద చందనం ఆరకముందే లాయానికి పోయారు. నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. వినాలని కాదు, కిటికీ అక్కడ ఉంది కాబట్టి. దాని మెడ మీద చెయ్యి వేసి, "చిట్టీ, సామి నిన్ను సూసుకుంటాడులే" అన్నారు.

చిట్టి. పెళ్ళైన కొత్తలో ఆయన నన్ను పిలిచిన పేరు. మా అత్తకు కూడా తెలియదు. యశశ్విని పుట్టాక విద్యాలక్ష్మిని అయ్యాను, తర్వాత విద్యను, ఆ తర్వాత "ఏమే" అయ్యాను. ఆ పేరు ఎక్కడో పారేసుకున్నారు, మగవాళ్ళకు మామూలే అనుకొని ఊరుకున్నాను. పారేసుకోలేదు. దాచిపెట్టి దానికి ఇచ్చారు.

ఇది అసూయే. రాసేశాను, అయిపోయింది.

ఏప్రిల్ 15

ఆయన కళ్ళజోడు వెతుకుతుంటే బీరువాలో పాత బిస్కెట్ డబ్బా దొరికింది. దూదిలో పళ్ళు. మనిషివి కావు. దాని పాలపళ్ళు ఊడినప్పుడు ఏరి దాచుకున్నారు. యశశ్విని పాలపళ్ళు పేడలో చుట్టి మిద్దె మీదికి విసిరేశారు, అదే పద్ధతి అన్నారు. గుర్రాల పద్ధతి వేరే కాబోలు.

డబ్బా ఉన్నచోట పెట్టేసి కడంబత్తూరులో మా వాసుదేవన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, గుర్రాల బ్రోకరు ఎవురన్నా ఉంటే పంపించు. నేను చెప్పినానని మీ బావకు తెలియగూడదు."

"ఆ నోరులేని జీవంతో నీకేం తొందరవు మ్మా, ఏం ఇబ్బంది?"

"నాకేం తొందరవు లేదు. దానికి కాళ్ళు బాగలేవు. ఈయన దాంతోనే ఒళ్ళు గుల్ల చేసుకుంటా ఉండాడు."

అబద్ధం కాదు కదా అది.

ఏప్రిల్ 20

తిరునిన్రవూరు నుంచి మురుగేశ్ అని బ్రోకరు వచ్చాడు. ఇటుగా పోతూ తెల్ల గుర్రం కనబడితే ఆగినట్టు బాగానే నటించాడు. నేను కాఫీ పెట్టే నెపంతో తలుపు దగ్గరే ఉన్నాను.

దాని పై పెదవి ఎత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. పళ్ళ మీద గోధుమరంగు గీతలు, మచ్చలు. కొసలు అరిగి ఎగుడుదిగుడుగా ఉన్నాయి. నేను ఇన్నేళ్ళలో దాని నోరు ఎప్పుడూ చూడలేదు.

"అన్నా, ఇది కిళవి" అన్నాడు. "పల్లు సూడండి. పదిహేను దాటి ఉంటాది. బండికి కూడా పనికిరాదు."

ఆయన గుండు ఎర్రబడింది.

"ఎవుర్రా కిళవి? దీని పాలపల్లు నా డబ్బాలో ఉండాయిరా. నాలుగేండ్ల పిల్ల."

"డబ్బాలో ఏముందో నాకెందుకన్నా, నోట్లో ఉండేదే సంతలో చూస్తారు. మనసు మారితే చెప్పండి, ఏదో ఒక రేటుకు అడ్జస్ట్ చేస్తా."

కిళవి. ముసలిది. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం కాఫీలో చక్కెర వేసేటప్పుడు తెలిసింది. రెండింతలు వేశాను.

ఏప్రిల్ 24

మురుగేశ్ మాట ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. తిరువళ్ళూరు నుంచి పశువుల డాక్టరును పిలిపించారు. శివాని అని, మా యశశ్విని ఈడు పిల్ల. నాకు కొంచెం ఆశగానే ఉంది. దీనికి బాగయ్యే దారి లేదని ఒక్క మాట డాక్టరు నోట వస్తే పీడ వదులుతుంది కదా అని.

ఆ పిల్ల లైటు వేసి పళ్ళు చూసింది. కాళ్ళ ఎముకల మీద వేళ్ళతో నొక్కుతూ వచ్చి, ఒకచోట గడ్డలాగా తగిలితే ఆగింది. అది కాలు లాక్కుంది. దాణాలో కలిపే మినరల్ పొడి సంచి అడిగి చూసి, "ఇది మంచిదే" అంది. తర్వాత లేచి చేతులు కడుక్కోబోతూ నీళ్ళ వైపు చూసింది.

"సార్, దీనికి తాపించేది ఏ నీళ్ళు?"

"ఈ బోరువే, డాక్టరమ్మా. దీనికోసమే వేయించినా. అమృతం."

"ఎప్పట్నించి?"

"పిల్లగా వచ్చినప్పట్నించీ ఇవే."

"వయసుకు వచ్చిన మచ్చలు కావు సార్ ఇవి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే, పెద్దపళ్ళు తయారయ్యేటప్పుడు ఇట్ల గీతలు పడతాయి. పల్లు బలం లేక సీక్రం అరిగిపోతాది. ఎముకల్లో కూడా చేరుతుంది, అందుకే కాళ్ళు బిగుసుకుంటా ఉండాయి. ఆవులకన్నా గుర్రాలు కొంచెం ఓర్చుకుంటాయి. ఇది ఓర్చుకుంది, మీకు తెలియలే." ఆ పిల్ల ఆయన నడక కూడా చూస్తూనే ఉంది. "ఇంట్లో అందరూ ఇవే తాగతారా?"

"నేను తాగతా. మా ఆమె తాగదు."

డాక్టరు నా వైపు తిరిగింది. "ఎందుకమ్మా? మీకు ముందే డౌట్ వచ్చిందా?"

ఏమని చెప్పేది? గుర్రానికి ముందు పోశారని అలిగి రెండున్నరేళ్ళుగా తాగలేదని చెప్పనా? అంత చదువుకున్న పిల్ల ముందు?

"బాయి నీళ్ళకైతే పప్పు బాగా ఉడుకుతుంది" అన్నాను.

"ఆ పప్పు పుణ్యాన మీరు బయటపడ్డారు" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. నన్నే చూస్తూ ఉన్నారు.

రెండు నీళ్ళూ సీసాల్లో పట్టుకుంది టెస్టుకు. పోయేటప్పుడు చెప్పింది, "ఇంక ఈ నీళ్ళు ఒక్క గుక్క వద్దు. ఇట్లే తాగితే రేపు లేచి నిలబడేది కూడా కష్టమైపోతాది. నీళ్ళు మారిస్తే నడక చాలా వరకు బాగుపడొచ్చు. పళ్ళ మచ్చలు మాత్రం పోవు. సార్, మీరు కూడా మనుషుల డాక్టరు దగ్గర చూపించుకోండి."

"నాది ఉండనీ. దీనికి బాగవుతుంది గదా?" అన్నారు ఆయన.

ఏప్రిల్ 26

పొద్దున ఆయన బావి దగ్గర కనబడ్డారు. దానికి నీళ్ళు తోడుతున్నారు. చేతులు భుజం దాకా కూడా లేవడం లేదు. రెండో చేదకే తాడు జారి బకెట్ బావిలో పడింది. గట్టు మీద కూర్చుండిపోయారు. నేను చూడనట్టు వంటింట్లోకి పోయాను.

ఏప్రిల్ 28

టెస్టు సంగతి డాక్టరు ఫోన్‌లో చెప్పింది. బోరు నీళ్ళలో ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. బావి నీళ్ళు మంచివే.

నా అలక మంచిదే అన్నమాట.

ఏప్రిల్ 30

గెలిచాను.

అన్నం తింటూ తింటూ ఆయనే అన్నారు, "అమ్మేస్తాలే దాన్ని. మురుగేశ్‌కు చెప్పినా. ఆదివారం వస్తాడు."

నేను మజ్జిగ పోశాను.

"ఎండాకాలం బాయిలో జానెడు నీళ్ళు. మోటారు పెడితే బురద వస్తాది. దానికి పొద్దూ మాపూ డ్రమ్ము కావాల. తోడేదెవురు? పంచాయతీ కొళాయి వస్తే వచ్చింది, లేకుంటే లేదు. నా చేతులు లేయవు." కొంచెంసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు. "నిన్ను అడిగే మొకం నాకు లేదు."

"నేనేం అన్నాను?"

"బోరు పడిన పొద్దు నువ్వు ఖాళీ బిందె ఎత్తుకొని లోపలికి పోతివి. సూసినా. సూసి గమ్మునుండినా."

అంటే తెలుసు. ఇన్నాళ్ళూ తెలుసు. నేను బావికి పోయిన ప్రతిసారీ ఎందుకు పోతున్నానో తెలిసే "అమృతం" అన్నారు.

గెలిచాను కదా, నిద్ర పట్టాలి.

మే 2

ఆయన లాయంలోనే కూర్చుంటున్నారు. దాని మెడకు తల ఆనించి. కేరట్ కూడా తినడం లేదు అది. డ్రమ్ములో కొళాయి నీళ్ళు సగం ఉన్నాయి, రేపటికి రావు.

మా పుష్పవల్లి పెద్దమ్మ గుర్తుకొస్తోంది. రెండో పెళ్ళివాడికి ఇచ్చారు ఆమెను. ఏటా ఒకరోజు పోయిన సవతి పేరు మీద కొత్త చీర పెట్టి దీపం వెలిగించాలి. పెద్దనాన్న ఆ చీర చూసి ఏడ్చేవాడు. ఆమె కట్టుకున్న చీర వైపు ఒక్కసారి కూడా చూసేవాడు కాదు. "బతికుండే సవతినైతే జుట్టు పట్టుకొని కొట్లాడొచ్చే విద్యా, పోయిన సవతిని ఏం చేస్తాం?" అనేది.

ఈ గుర్రం ఆదివారం పోతుంది. ఎక్కడికి పోతుంది? మురుగేశ్ దీన్ని కిళవి రేటుకు ఎవడికో అంటగడతాడు. అక్కడ కుంటుతూ బండి లాగుతుంది. ఇక్కడ ఆయన దానికి గుండెల్లో గుడి కడతారు. దాని తోక ఇంకా తెల్లగా, కళ్ళు ఇంకా పెద్దగా అవుతూ పోతాయి. నేను ఏటా దీపం పెట్టాలి. చిట్టి అనే పేరు మళ్ళీ నా దగ్గరికి ఎప్పటికీ రాదు.

దాన్ని పోనివ్వకూడదు. జాలి కాదు ఇది. ఎవరైనా జాలి అంటే ఊరుకోను.

మే 4

పొద్దున్నే బావికి పోయాను. అడుగున ఉన్న నీళ్ళు కాబట్టి చేద సగమే నిండుతుంది, తాడు ఎంతసేపు లాగినా పైకి రాదు. బకెట్ నిండాక లాయానికి మోసుకుపోయి దాని ముందు పెట్టాను.

తాగలేదు. మూతి పెట్టి, ముడుచుకొని, తీసేసింది. ఆ రోజూ ఇంతే కదా, ఈ మూతి ముడవడం వల్లనే కదా ఇదంతా అని కోపం వచ్చింది.

"తాగవే" అన్నాను. "నాకూ ఇష్టమై తోడలే నీకు."

చెవులు వెనక్కి పెట్టి నన్ను చూసింది. దాని కింది పెదవి వణుకుతోంది. దాహంతోనే ఉంది. చేతిలో నీళ్ళు తీసుకొని మూతికి రాశాను. నాకింది. తర్వాత బకెట్‌లో ముట్టె పెట్టి ఎత్తకుండా తాగింది. దాని గొంతులో నీళ్ళు దిగడం పైనుంచే కనబడుతుంది. ఇన్నాళ్ళూ నాకు తెలియదు ఆ సంగతి.

మురుగేశ్ వ్యాను తీసుకొనే వచ్చాడు. ఆయన చొక్కా వేసుకొని, తాడు చేతిలో పట్టుకొని నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ద్వారకన్నా, ఎక్కిద్దామా?" అన్నాడు మురుగేశ్ ఆయనను చూసి.

"ఈ కిళవి యాడికీ పోదు" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు. మురుగేశ్ అయితే పిలిపించింది నేనే కదా అన్నట్టు చూశాడు, చెప్పేస్తాడేమో అని భయమేసింది. "కాఫీ తాగి పో, మురుగేశూ" అన్నాను. వాడు తెలివైనవాడు, కాఫీ తాగి పోయాడు.

"ఎవురు తోడేది?" అన్నారు ఆయన.

"ఇంతసేపు తోడింది ఎవురు?"

మే 11

భుజాలు నొప్పి. చేతులకు బొబ్బలు. అది ఎన్ని నీళ్ళు తాగుతుందో తెలిసుంటే మురుగేశ్‌ను ఆపేదాన్ని కాదు.

మే 12

సాయంత్రం ఆయన నూనె గిన్నె తెచ్చి నా పక్కన కూర్చున్నారు. ముందు నా భుజాలకు రాశారు. దానికి తర్వాత.

జూన్ 20

మోసుకుపోతుంటే ఈరోజు సకిలించింది. ఆకలికి అనుకున్నాను. దాణా అయిపోయి ఎంతోసేపు అయింది.

జూలై 6

ఆయనా బావి నీళ్ళే తాగుతున్నారు. అరక్కోణంలో డాక్టరుకు చూపించాను. మాత్రలు ఇచ్చి, నొప్పులు వయసు వల్ల కొంత, నీళ్ళ వల్ల కొంత కావచ్చు అన్నాడు. "అమృతం అనలేదే ఈమధ్య" అంటే, "అది నీ బాయి, నేను చెప్పేదేముంది" అన్నారు.

ఆగస్టు 17

నిన్న సాయంత్రం మొదలైన వాన తెల్లారేదాకా కురిసింది. బావి సగానికి పైగా లేచింది.

ఆయన పిలిస్తే పోయాను. గట్టు మీద మా అత్త ఇత్తడి బిందె. మగవాడు తోమిన బిందె ఎట్లా ఉంటుందో అట్లా ఉంది, చింతపండు పీచు ఇంకా అంటుకొనే ఉంది. మెడకు పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంచారు. తన చేతులతోనే చేదారట, మెల్లమెల్లగా.

"పట్టుకో" అన్నారు.

పట్టుకున్నాను. పట్టుచీర లేదు, తడిసిన నైటీ. పొంగలి వండి దేవరకు పెట్టాను.

మొదటి బిందె నాది. రెండో బకెట్ దానిది. ఈ వరుస ఈ ఇంట్లో ఇంక మారదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

డాక్టరు శివాని వచ్చి చూసి పోయింది. నడక బాగా మెరుగు. పళ్ళ మచ్చలు అట్లాగే ఉన్నాయి. ఉండనీ. ఎవరైనా పెదవి ఎత్తి చూస్తే కిళవి అంటారు, కొనరు.

నీళ్ళు పెట్టడానికి పోతే ఆయన అప్పటికే లాయం గుమ్మంలో కేరట్ పట్టుకొని నిలబడి ఉన్నారు. అది ఆయనను దాటి వచ్చి నా బకెట్‌లో తల పెట్టింది. ఆయన కేరట్ చూపించారు. నాలుకతో చప్పుడు చేశారు. అది చెవి కూడా తిప్పలేదు.

"నేనొకణ్ణి ఉండాననే ధ్యాస లేదు దీనికి. నీ అడుగు సప్పుడైతే సాలు" అన్నారు. ఆ మొహం నాకు తెలుసు. రెండున్నరేళ్ళు అద్దంలో చూసుకున్న మొహమే. పాపం అనిపించింది. ఎక్కువగా ఏమీ కాదు, కొంచెం.

బకెట్ అంచు పట్టుకొని వంగి ఉన్నాను. వెనక నుంచి ఆయన, "చిట్టీ" అన్నారు.

అది తాగుతూనే ఉంది.

"ఏంది?" అన్నాను.